అక్షరానికి ఎంత?



ఈవేళ నేను మాట్లాడబోయేది సమాధి రాయి గురించి. "పొద్దున్నే ఇదేం మాటమ్మా" అని విసుక్కోకండి. పెళ్ళికి ఎంతవుతుందో, పురిటికి ఎంతవుతుందో, గృహప్రవేశానికి ఎంతవుతుందో కాగితం మీద వేసుకుంటాం. పోయినవాళ్ళ కోసం పెట్టే ఖర్చు దగ్గరికి వచ్చేసరికి మాత్రం లెక్క అడగడమే తప్పనిపిస్తుంది. "ఆయనకి చేసేదాంట్లో కూడా బేరమేనా?" అని నలుగురూ అంటారని భయం. ఆ భయం మనకుందని రాయి అమ్మేవాడికీ తెలుసు.

మా వీధి చివర ఒక టీచరమ్మగారు ఉన్నారు. రిటైరై చాలా కాలమైంది. వాళ్ళాయన రైల్వేలో గార్డుగా పనిచేసి, కిందటేడు పోయారు. వాళ్ళు క్రైస్తవులు. ఏడాది తిరిగేలోగా సమాధి కట్టించి, ఆ రోజు బంధువులందరినీ పిలిచి ప్రార్థన పెట్టించాలని ఆవిడ కోరిక. ఒక సాయంత్రం ఆవిడ ఒక కాగితం పట్టుకుని మా ఇంటికి వచ్చారు. "అమ్మాయ్, నువ్వు రేడియోకి మాటలు కుదించి రాస్తావుగా. ఇది కాస్త కుదించి పెట్టు" అన్నారు.

కుదించడం నాకు అలవాటే. పది నిమిషాల ప్రసంగానికి పదిహేను నిమిషాల సరుకు రాసుకెళ్ళి, ప్రొడ్యూసరు గారి ఎర్ర పెన్సిలు పాలు చేసుకున్న రోజులు బోలెడు. కాని ఆ కాగితం చూశాక నా చెయ్యి ఆడలేదు. పేరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ, ప్రియమైన భర్త, ప్రేమగల తండ్రి, ముప్పై నాలుగేళ్ళు రైళ్ళని క్షేమంగా చేర్చినవాడు అని ఒక వాక్యం, కింద బైబిల్లోంచి మరొకటి. ఇందులో ఏది కొట్టెయ్యమంటారు?

కొట్టెయ్యక తప్పదు. రాయి చెక్కేవాడు అక్షరానికి పాతిక రూపాయలన్నాడట. ఆవిడా నేనూ కూర్చుని వేళ్ళు మడిచి లెక్కపెడితే నూట నలభై అక్షరాలు వచ్చాయి. అతని లెక్కకి నూట తొంభై! తేడా యాభై అక్షరాలు, పన్నెండు వందల యాభై రూపాయలు. మర్నాడు ఇద్దరం కలిసి అతని దగ్గరికే వెళ్ళాం. తగువుకే వెళ్ళామనుకోండి. అతను నిదానంగా చెప్పాడు. "జ్ఞాపకార్థం అని రాశారు కదమ్మా. మీరు నాలుగంటారు. జ కింద వత్తుకి ఉలి పెట్టాలా? ర్థ కింద వత్తుకి పెట్టాలా? సున్నా తిప్పాలా? నాకది ఏడు." పలకా బలపం పట్టిన నాటినుంచీ మనం వత్తుని అక్షరంలో భాగం అనుకుంటాం. రాయి అలా అనుకోదు. పైగా వత్తు చిన్నది, కింద ఇరుకులో ఉంటుంది, పెచ్చు లేచిందంటే పలక మొత్తం పాడు. "ఇంగ్లీషులో రాసుకుంటే గీతలే ఎక్కువ, తేలిక. మన అక్షరాలు గుండ్రం" అన్నాడు. పట్నంలో మిషను మీద చెక్కేవాళ్ళకి గుండ్రమైనా గీతైనా ఒకటే. ఇతనిది ఇంకా చేతిపనే.

ఆ రోజునుంచీ నాకు ఇదే ధ్యాస. అక్షరానికి ఇంత అని కట్టి, పోయినవాళ్ళ గురించి ఎన్ని మాటలు చెప్పుకోవచ్చో తేల్చుకోవలసిన తల్లులూ భార్యలూ మన టీచరమ్మగారికంటే ముందు ఎవరైనా ఉన్నారా? ఉన్నారు. ఒకరూ ఇద్దరూ కాదు, లక్షల మంది. నేను పెద్ద చదువులు చదివినదాన్ని కాను. లైబ్రరీలో దొరికినవి, అడిగి తెలుసుకున్నవి మీ ముందు పెడుతున్నాను.

అసలు సమాధికి రాయి పెట్టడం చాలాచోట్ల కలిగినవాళ్ళ వ్యవహారమే. పేదలకి మట్టి దిబ్బ, మహా అయితే ఒక కొయ్య శిలువ. మన ఊళ్ళలో పొలిమేర దగ్గర కనిపించే వీరగల్లులు చూడండి. ఆలమందని కాపాడుతూ చచ్చిపోయిన వాడికి కత్తీ డాలూ చెక్కి నిలబెట్టారు. ఊరు నిలబెట్టిన రాళ్ళవి. మామూలు మనిషికి, అందులోనూ జీతానికి పోయి చచ్చిన సిపాయికి, సర్కారు ఖర్చుతో ఒక్కొక్కరికీ పేరున్న రాయి అన్నది ఈ నూటయాభై ఏళ్ళలో వచ్చిన మాట.

అమెరికాలో 1861 నుంచి 1865 దాకా ఉత్తరానికీ దక్షిణానికీ అంతర్యుద్ధం జరిగింది. పోయిన సైనికుల తలాపున మొదట కొయ్య పలకలు పాతారు. ఒక్కో పలక 1 డాలరు 23 సెంట్లు. చౌకే కదా అనిపిస్తుంది. కాని ఎండకీ వానకీ కొయ్య అయిదేళ్ళకంటే నిలవదు. సమాధులేమో 3 లక్షలు. పదేళ్ళలో రెండుసార్లు మార్చవలసి వస్తే మొత్తం ఖర్చు 10 లక్షల డాలర్లు దాటుతుందని లెక్క తేలింది. చవకని కొన్న చీపురు నెలకొకటి మార్చే ఇల్లాలికి ఈ లెక్క కొత్తగా చెప్పక్కర్లేదు. రాయి పెట్టాలా, జింకు పూసిన ఇనుము పోత పొయ్యాలా అని ఏళ్ళతరబడి వాదించుకుని, చివరికి 1873లో రాయే ఖాయం చేశారు. పేరు తెలిసినవాడికి నిలువు పలక. తెలియనివాడికి 6 అంగుళాల చదరపు దిమ్మ, దాని మీద ఒక అంకె. 1879 నుంచి సొంత ఊరి శ్మశానాల్లో పాతిపెట్టిన సైనికులకి కూడా ఆ రాయి ఉచితంగా ఇవ్వసాగారు.

ఇక నేను ముఖ్యంగా చెప్పాలనుకున్న కథ ఇంగ్లండుది.

1914లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలైనప్పుడు ఫేబియన్ వేర్ అనే ఆయన రెడ్‌క్రాస్ బండ్లతో ఫ్రాన్సు వెళ్ళాడు. అప్పటికే వయసు మళ్ళిందని సైన్యంలో చేర్చుకోలేదు. గాయపడిన వాళ్ళని మోసుకొచ్చే పనిలో ఉండగా, పోయినవాళ్ళని ఎక్కడ పూడ్చారో ఎవరూ రాసిపెట్టడం లేదని గమనించాడు. తానే రాయించడం మొదలుపెట్టాడు. ఆ చిన్న పని పెరిగి పెద్దదై, 1917 మే 21న రాజశాసనంతో ఒక సంస్థ అయింది. ఇంపీరియల్ వార్ గ్రేవ్స్ కమిషన్ అని పేరు. 1960 నుంచి కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ అంటున్నారు.

అంతకుముందే ఒక సంగతి జరిగింది. 1915 ఏప్రిల్‌లో, మాజీ ప్రధాని గ్లాడ్‌స్టన్ మనవడు యుద్ధంలో పోతే, ఆ కుటుంబం పలుకుబడితో శవాన్ని ఇంటికి తెప్పించుకుంది. మిగతా తల్లులు ఏమైపోవాలి? ఆ తర్వాత ఎవరి శవాన్నీ స్వదేశానికి తీసుకురాకూడదని కట్టడి చేశారు. కలిగినవాళ్ళు తెప్పించుకుంటే లేనివాళ్ళ కడుపు మండుతుందన్నది అందులో ఒక కారణం. న్యాయమే. కాని ఒక్కసారి తల్లి వైపునుంచి ఆలోచించండి. కొడుకు పోయాడు. శవం రాదు. సమాధి సముద్రం అవతల ఉంది. దాని మీద పెట్టే రాయి కూడా తన ఇష్టం కాదు.

అవును, రాయి కూడా. బ్రిటిష్ మ్యూజియం డైరెక్టరు ఫ్రెడరిక్ కెన్యన్ 1918లో ఒక నివేదిక ఇచ్చాడు. జనరలైనా జవానైనా, లార్డు కొడుకైనా పాలేరు కొడుకైనా అందరికీ ఒకే రాయి అన్నాడు. ఎత్తు 2 అడుగుల 8 అంగుళాలు, అంటే మన వంటింటి గట్టు ఎంత ఎత్తుంటుందో ఇంచుమించు అంత. వెడల్పు 1 అడుగు 3 అంగుళాలు. పైభాగం కొద్దిగా వంపు. ఎక్కువగా పోర్ట్‌లాండ్ రాయి అనే తెల్లటి సున్నపురాయి వాడారు. అక్షరాల రూపం మాక్డొనాల్డ్ గిల్ అనే కళాకారుడు దిద్దాడు. పేరు, హోదా, దళం, పోయిన తేదీ, మత చిహ్నం, ఇవన్నీ ఉచితం. తోట, గోడ, స్తంభం అన్నీ కలిపి ఒక్కో సమాధికి 10 పౌన్లు అవుతుందని అంచనా వేసుకున్నారు.

దీని మీద పెద్ద గొడవే అయింది. ఎక్సెటర్ బిషప్ భార్య లేడీ ఫ్లోరెన్స్ సెసిల్ ముగ్గురు కొడుకుల్ని ఈ యుద్ధంలో పోగొట్టుకుంది. ముగ్గుర్ని! వాళ్ళ తలాపున శిలువ పెట్టనివ్వండి, ఈ పలకలు వద్దు అని 1919లో ఒక విజ్ఞాపన తయారుచేసి, 8 వేల మందికి పైగా సంతకాలతో యువరాజుకి పంపింది. 1920 మే 4న బ్రిటిష్ పార్లమెంటులో చర్చ జరిగింది. కొడుకు మా వాడా, ప్రభుత్వం వాడా అన్నదే అసలు ప్రశ్న. తల్లిదండ్రుల పక్షాన మాట్లాడినవాళ్ళు గట్టిగానే మాట్లాడారు. కమిషన్ తరఫున నిలబడ్డ సభ్యుడు రడ్‌యార్డ్ కిప్లింగ్ రాసిన ఉత్తరం చదివాడు.

కిప్లింగ్ అంటే మన పిల్లలు చదివే జంగిల్ బుక్ రాసినాయన. పుట్టింది బొంబాయిలో. ఆయన ఒక్కగానొక్క కొడుకు జాన్‌కి కంటిచూపు సరిగా లేదని సైన్యంలో తీసుకోలేదు. తండ్రి పలుకుబడి ఉపయోగించి చేర్పించాడు. పద్ధెనిమిదేళ్ళ వాడు 1915 సెప్టెంబరులో లూస్ అనే చోట కనిపించకుండా పోయాడు. శవం దొరకలేదు. ఆ ఉత్తరంలో కిప్లింగ్ చెప్పింది ఇంతే. మాకు వెళ్ళి నిలబడడానికి సమాధంటూ లేదు, ఫలానా చోట రాయి ఉందని తెలిసినవాళ్ళు తామెంత అదృష్టవంతులో తెలుసుకోవడం లేదు. పేరు తెలియని సైనికుల రాళ్ళ మీద ఏం రాయాలో కమిషన్‌కి ఎంపిక చేసి ఇచ్చింది కూడా ఆ తండ్రే. ఆయన 1936లో పోయాడు. 1992లో కమిషన్ ఒక అనామక సమాధిని జాన్ కిప్లింగ్‌దని తేల్చి పేరు చెక్కించింది. కాదన్న చరిత్రకారులూ ఉన్నారు.

ఆ రోజు కమిషన్ పక్షమే నెగ్గింది. ఒకే రాయి అన్నది స్థిరపడింది. అయితే తల్లుల మనసు కొంతైనా చల్లబరచడానికి ముందే ఒక వీలు కల్పించి ఉంచారు. అదే మన టీచరమ్మగారి కాగితం దగ్గరికి నన్ను మళ్ళీ తీసుకొచ్చింది. రాయి అడుగున ఒక మాట చెక్కించుకోవచ్చు. 66 అక్షరాలకి మించకూడదు, మాటల మధ్య ఖాళీలతో సహా. అక్షరానికి మూడున్నర పెన్నీలు!

మన పాత దమ్మిడీ అణాల లెక్కలాగే వాళ్ళకీ ఒక లెక్క ఉండేది. 12 పెన్నీలు 1 షిల్లింగు, 20 షిల్లింగులు 1 పౌను. యుద్ధానికి ముందు మారకం ప్రకారం చూస్తే ఒక పెన్నీ మన అణాతో సమానం. అక్షరానికి మూడున్నర అణాలన్నమాట. 66కీ లెక్క కడితే 19 షిల్లింగుల 3 పెన్నీలు, పౌనుకి తొమ్మిది పెన్నీలే తక్కువ. ఇది ఎక్కువా తక్కువా? 1923లో ఇంగ్లండులో నార్‌ఫోక్ పొలం కూలీలు సమ్మె చేశారు. అప్పటికి వాళ్ళ వారం కూలీ 25 షిల్లింగులకి దిగింది. అంటే కొడుకు రాయి మీద ఒక వాక్యం చెక్కించాలంటే ఆ ఇంటికి వారం కూలీలో మూడు వంతులు పోతుంది. ఆ వారం రొట్టె, బొగ్గు, ఇంటి అద్దె ఎక్కడినుంచి రావాలి?

ఇంటింటికీ ఒక ఫారం వచ్చేది. పేరు సరిగా ఉందో లేదో చూడండి, వయసు రాయండి, చెక్కవలసిన మాట ఉంటే రాయండి అని. ఆ ఫారం ముందు పెట్టుకుని, పెన్సిలు కొస కొరుక్కుంటూ, ఒక్కో అక్షరమూ లెక్కపెట్టుకున్న తల్లిని నేను ఊహించుకోగలను, ఎందుకంటే మొన్న మా ఇంటి అరుగు మీద చూశాను. పొడుగు మాట తీసేసి పొట్టి మాట పెడతాం. ఇంటి ముద్దుపేరు ఉంచాలా వద్దా అని తర్జనభర్జన పడతాం. చాలా రాళ్ళ మీద ఆ పంక్తి ఖాళీగానే మిగిలిపోయింది. అందులో డబ్బు లేక వదిలేసినవెన్నో, మాట రాక వదిలేసినవెన్నో, ఫారం అందక వదిలేసినవెన్నో ఆ రాయిని చూసి చెప్పలేం.

అక్షరానికి డబ్బు తీసుకోవడం మొదటినుంచీ చాలామందికి గిట్టలేదు. హోదాలో తేడా లేదన్నారు, రాయిలో తేడా లేదన్నారు, మరి మాట దగ్గర కలిగినవాడికీ లేనివాడికీ తేడా తెచ్చారే! న్యూజిలాండు ప్రభుత్వం అసలు ఎవరికీ ఆ పంక్తి వద్దంది. అందరూ సమానమన్నప్పుడు అదీ సమానంగానే ఉండాలని వాళ్ళ వాదన. కెనడా ప్రభుత్వం తమ సైనికుల అక్షరాలకయ్యే ఖర్చు తామే పెట్టుకుంటామంది. తర్వాత బ్రిటన్‌లోనూ ఇష్టమైతే ఇవ్వండి, లేకపోతే లేదు అని మార్చారు. నన్నడిగితే కెనడా వాళ్ళు చేసిందే ఇల్లు నడిపే పద్ధతి. ఒక పిల్లకి గాజులు కొనలేకపోతున్నామని ఇంకో పిల్ల గాజులు తీసేయిస్తామా? సమానత్వం పేరుతో తల్లి నోరు నొక్కడం నాకు నచ్చలేదు. మీకు వేరే అభిప్రాయం ఉండవచ్చు.

1920ల్లో ముమ్మరంగా పని సాగినప్పుడు వారానికి 4 వేల రాళ్ళు ఫ్రాన్సుకి ఓడలెక్కాయి. చేత్తో చెక్కితే ఎన్ని తరాలు పడుతుందో అని, నమూనా మీద ఒక మొన తిప్పితే రాయి మీద ఇంకో మొన అదే అక్షరం చెక్కే మిషన్లు వాడారు. 1927 నాటికి 500లకి పైగా శ్మశానాలు, 4 లక్షల రాళ్ళు. వెళ్ళి చూసుకోలేని పేద తల్లులకి సమాధి ఫొటో పంపేవారు. కొన్ని ధర్మసంస్థలు వాళ్ళని ఉచితంగా తీసుకెళ్ళి చూపించాయి కూడా. అమెరికా అయితే 1930 నుంచి 1933 లోపల ఆరున్నర వేల మందికి పైగా తల్లుల్నీ భార్యల్నీ ప్రభుత్వ ఖర్చుతో యూరపు సమాధుల దగ్గరికి పంపింది. నల్లజాతి తల్లుల్ని మాత్రం వేరే ఓడల్లో పంపింది. కొడుకులు ఒకే యుద్ధంలో పోయినా సరే.

ఈ మాట వచ్చింది కాబట్టి మన సంగతీ చెప్పుకోవాలి. ఆ యుద్ధానికి మన దేశం నుంచి పది లక్షల మందికి పైగా సముద్రాలు దాటి వెళ్ళారు. ఫ్రాన్సులో నవ్ షాపెల్ అనే చోట 1927లో కట్టిన స్మారకం మీద 4,700 మందికి పైగా భారతీయుల పేర్లున్నాయి. ఇంగ్లండులో బ్రైటన్ ఆస్పత్రుల్లో పోయిన 53 మంది హిందూ, సిక్కు సైనికుల్ని ఊరి పైనున్న గుట్టల మీద దహనం చేసి, అక్కడ 1921లో తెల్లటి ఛత్రి కట్టారు. ఛత్రి బాగానే ఉంది, పేర్లు మాత్రం లేవు. ఆ 53 పేర్లూ రాతి మీదికెక్కింది 2010లో! ఎనభై తొమ్మిదేళ్ళు. ఇరాక్‌లోని బస్రా స్మారకం 1929లో కట్టినప్పుడు ఆఫీసర్ల పేర్లు చెక్కారు. మన జవాన్లకి దళం పేరూ, ఎంతమంది అన్న అంకే. అక్షరానికి ఎంతో అడిగే అవకాశం కూడా వాళ్ళ తల్లులకి రాలేదు.

ఈ విషయం మీద కమిషన్ తానే ఒక సంఘాన్ని వేసింది. 2021 ఏప్రిల్‌లో నివేదిక వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో పోయిన ఆసియా, ఆఫ్రికా వాళ్ళలో 45 వేల నుంచి 54 వేల మందికి మిగతావాళ్ళతో సమానంగా స్మారకం దక్కలేదనీ, కనీసం 1 లక్షా 16 వేల మందికి, బహుశా మూడున్నర లక్షల దాకా, పేరుతో గాని అసలు ఏ రకంగా గాని గుర్తు లేదనీ తేల్చారు. అందులో ఒక సంగతి చదివి నాకు నిద్ర పట్టలేదు. ఇప్పటి ఘానా అప్పట్లో గోల్డ్ కోస్ట్. 1923లో దాని గవర్నరు రాసిన అభిప్రాయం ఏమంటే, ఇక్కడి మామూలు జనానికి సమాధి రాయి అర్థం కాదు, దాని విలువ తెలియదు. ఎవరిని అడిగి రాశాడో! 2021 ఏప్రిల్ 22న బ్రిటిష్ రక్షణ మంత్రి పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు.

మన తెలుగువాళ్ళది ఇంకో కథ. మలయాలో రబ్బరు తోటల్లో తమిళులతో పాటు మనవాళ్ళూ వేల సంఖ్యలో కూలికి వెళ్ళారు. రెండో ప్రపంచ యుద్ధంలో మలయా జపాను చేతికి చిక్కింది. 1942, 43లలో సయాము నుంచి బర్మాకి అడవుల గుండా రైలుమార్గం వేయించడానికి ఆ కూలీలనీ, పట్టుబడ్డ తెల్ల సైనికులనీ తోలుకుపోయారు. కలరా, మలేరియా, ఆకలి. తెల్ల సైనికులు 12 వేల మందికి పైగా పోయారు. కూలీలు అంతకు ఎన్నో రెట్లు. థాయిలాండులో కాంచనబురి ఊళ్ళో సైనికుల శ్మశానం ఉంది. దాదాపు 7 వేల సమాధులు, వరసగా, పచ్చిక మధ్య, ఒక్కొక్కరికీ పేరుతో ఫలకం. కొన్నింటి మీద ఇంటివాళ్ళు రాయించిన మాట. ఆ పక్కనే అదే పట్టాలు మోసి పోయిన మన కూలీల పేర్లు ఎక్కడున్నాయి? తోటల్లో మిగిలిన ఆడవాళ్ళకి మనిషి పోయాడన్న కబురైనా సరిగ్గా అందలేదు. వాళ్ళు ఏ తారీకున తద్దినం పెట్టుకున్నారో నాకు తెలిస్తే బాగుండుననిపిస్తుంది.

మన పశ్చిమ గోదావరి వైపు మాధవరం అని ఒక ఊరుంది. మిలటరీ మాధవరం అంటారు. రెండు ప్రపంచ యుద్ధాలకీ అక్కడినుంచి మగవాళ్ళు వెళ్ళారు, ఈనాటికీ ఇంటికొకరన్నట్టు సైన్యంలో చేరుతున్నారు. అటు వెళ్ళినప్పుడు పెద్దవాళ్ళని కదిపి చూడండి, పుస్తకాల్లో లేనివి వింటారు.

అన్నట్టు రాయి సంగతి. మీ ఇంట్లో కొత్తగా వంటగట్టు వేయించి ఉంటే, నల్లగా మెరుస్తూ మధ్యలో బంగారు చుక్కలు చల్లినట్టుండే రాయి చూసే ఉంటారు. అది ప్రకాశం జిల్లా చీమకుర్తి రాయి. బ్లాక్ గెలాక్సీ అని పేరు పెట్టి దేశదేశాలకీ ఎగుమతి చేస్తారు. మనం దాని మీద చపాతీలు వత్తుతుంటే, ఎక్కడో దేశంలో అదే రాయిని సమాధి మీద నిలబెట్టి పూలు పెడుతున్నారు. క్వారీలో పెద్ద దిమ్మగా కోసి, పలకలుగా చీల్చి, మెరుగు పట్టి, ఓడెక్కించేసరికి ధర ఎన్ని చేతులు మారుతుందో లెక్కలేదు. టీచరమ్మగారికి కూడా ఆ రాయే చూపించారు. మెరుగు పట్టినదానికి ఒక ధర, ఒక పక్కే మెరుగైతే ఒక ధర, మందం అంగుళం పెరిగితే ఇంకో ధర. ఆవిడ అడగలేదు గాని నేనే అడిగాను, నేల వైపు ఉండే పక్కకి మెరుగెందుకని. అతను నవ్వేసి, ఆ డబ్బు తగ్గించాడు.

ఈ వ్యవహారంలో నేను నేర్చుకున్నవి నాలుగు మాటలు చెబుతాను, ఎవరికైనా పనికొస్తాయి. రాయి ధర ఒక్కటే ధర కాదు. కింద ఇటుక దిమ్మె, సిమెంటు, మేస్త్రీ కూలి, బండి కిరాయి, శ్మశానానికి కట్టే రుసుము, అక్షరాలు, అక్షరాల్లో నింపే రంగు, అన్నీ వేరువేరుగా అడగండి, రాయించుకోండి. తొందరపడకండి. కొత్తగా పూడ్చిన మట్టి కొన్ని నెలలపాటు కుంగుతూ ఉంటుంది. అప్పుడే బరువు పెడితే రాయి ఒరిగిపోతుంది, మళ్ళీ ఖర్చు. చెక్కబోయేది ముందు కాగితం మీద అంత సైజులోనే గీయించి, ఇంట్లో ఇద్దరి చేత చదివించండి. మా టీచరమ్మగారి కాగితంలో పుట్టిన సంవత్సరమే తప్పు పడింది. నలభై ఏళ్ళు పిల్లల తప్పులు దిద్దిన మనిషి! దుఃఖంలో కన్ను అలాగే చేస్తుంది.

ఇక కుదింపు. ముప్పై నాలుగేళ్ళు రైళ్ళని క్షేమంగా చేర్చినవాడు అన్నదాన్ని రైల్వే గార్డు అని చేశాం. మన లెక్కకి నాలుగు, అతని లెక్కకి ఆరు. ప్రేమగల తండ్రి పోయింది. బైబిలు వాక్యం మీద మాత్రం ఇద్దరం చాలాసేపు కూర్చున్నాం. అది రాకపోకల్లో దేవుడు కాపాడతాడన్న అర్థం వచ్చే వాక్యం. రైలు గార్డుకి అంతకంటే ఏం కావాలి? కాని పొడుగు. చివరికి టీచరమ్మగారే అన్నారు, "కీర్తన 121:8 అని పెట్టు. తెలిసినవాళ్ళకి తెలుస్తుంది, తెలియనివాళ్ళు ఇంటికెళ్ళి పుస్తకం తీస్తారు" అని. టీచరు టీచరే! మధ్యలో రెండు చుక్కలకి డబ్బు తీసుకోనన్నాడు చెక్కేవాడు.

అంతా అయిపోయి లేవబోతుంటే అతను తల గోక్కుంటూ ఒక మాట అన్నాడు. రాయి నిలబెట్టేశాక మళ్ళీ ఏమైనా చెక్కాలంటే శ్మశానానికే సామాను మోసుకురావాలి, ఆ రోజు కూలి కూడా కలుస్తుంది, రంగు కూడా పాతదానితో కలవదు అని. ఎందుకు చెబుతున్నాడో నాకు ముందు తట్టలేదు. ఆవిడకి తట్టింది. రాయి మీద సగం చోటు ఇంకా ఖాళీగా ఉంది.

"అయితే పక్కన నా పేరు కూడా ఇప్పుడే చెక్కెయ్యి నాయనా. పుట్టిన తేదీ వెయ్యి. రెండోది వదిలెయ్యి" అన్నారు.

ఆ రాత్రి కూతురు ఫోనులో ఏడ్చిందట, బతికుండగానే ఇదేం పనమ్మా అని. టీచరమ్మగారు నాకు మర్నాడు చెప్పారు, కూరగాయల సంచీ పట్టుకుని గుమ్మంలో నిలబడి. "దానితో చెప్పానమ్మాయ్. తారీకుకి ఎనిమిది అంకెలు, రెండు వందల రూపాయలు. ఆ రోజు కూలి అదనం. అది మాత్రం మీరు పెట్టుకోండి అన్నాను."